2021 ఫిబ్రవరి టెక్సస్ మంచు తుఫాను, మా టిఫిన్ షాపు: కరెంటు పోయిన రోజు నుంచి లోన్ వచ్చేదాకా 172 రోజులు

2021 ఆగస్టు 6, శుక్రవారం, ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాల కోసం ఉన్న అమెరికా ప్రభుత్వ సంస్థ) లోన్ డబ్బు మా షాపు అకౌంట్‌లో పడింది. 24,500 డాలర్లు. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు పోయిన దగ్గర్నుంచి లెక్కేస్తే సరిగ్గా 172 రోజులు. ఈ ఆరు నెలల్లో తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "ఫెమా వాళ్లు బిజినెస్‌లకి డబ్బులిచ్చారట కదా, మీకెంత వచ్చింది?" ఫెమా అంటే విపత్తుల్లో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ. ముక్కలు ముక్కలుగా జవాబు చెబితే ఒకరికొకరు తప్పుగా చేరవేసుకుంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు మొదటి నుంచి రాస్తున్నాను.

మాది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో, ఒక స్ట్రిప్ మాల్ చివర చిన్న షాపు. పొద్దున ఇడ్లీ, దోశ, పెసరట్టు. మధ్యాహ్నం నుంచి కర్రీలు, వారాంతాల్లో బిర్యానీ. నేను, మా వంట మాస్టర్, ఇంకో ముగ్గురు. మా ఆయనకి ఐటీ ఉద్యోగం, శని ఆదివారాలు కౌంటర్ దగ్గర ఉంటారు. కోవిడ్ దెబ్బకి 2020 అంతా పార్సిళ్ల మీదే బతికాం. జనవరిలో కాస్త ఊపిరి ఆడుతోంది అనుకునేలోపు ఇది వచ్చిపడింది.

తుఫాను వస్తుందని తెలియక కాదు. ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్ హైవే మీద మంచు గడ్డకట్టి 133 బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. ఆ వీడియో చూశాక మా డెలివరీ అబ్బాయిని బయటికి పంపడం మానేశాను. 12న గవర్నర్ మొత్తం 254 కౌంటీలకీ విపత్తు ప్రకటించారు. అయినా నా బుర్రలో ఉన్నది రోడ్ల సంగతే. రెండు రోజులు గిరాకీ ఉండదు, అంతే అనుకున్నాను. సోమవారం ప్రెసిడెంట్స్ డే సెలవు కదా, టిఫిన్లకి జనం వస్తారని శనివారం రాత్రి రోజూ కంటే ఎక్కువే పిండి రుబ్బించాను. 40 పౌన్ల మేక మాంసం వాక్-ఇన్ కూలర్‌లో, అంటే లోపలికి నడిచి వెళ్లేంత పెద్ద చల్లగదిలో, ఉంది.

ఆదివారం మంచు కురుస్తూనే ఉంది. మధ్యాహ్నం రెండింటికి షాపు మూసేశాం. వచ్చేముందు హీటర్ 65 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టాను. వంటగదిలో చేతులు కడుక్కునే సింకు కుళాయి సన్నగా వదిలేశాను. వెనక బాత్రూమ్ కుళాయి వదల్లేదు. ఆ ఒక్క కుళాయి గురించి ఆరు నెలలుగా బాధపడుతూనే ఉన్నాను.

సోమవారం తెల్లవారుజామున 1:25కి ఎర్కాట్, అంటే టెక్సస్ గ్రిడ్ నడిపే సంస్థ, కరెంటు కోతలు మొదలుపెట్టింది. వంతులవారీగా కోతలు, కాసేపట్లో వచ్చేస్తుందని చెప్పారు. మా ఇంట్లో రెండింటికి పోయింది. పొద్దున ఆరింటికీ రాలేదు, సాయంత్రం ఆరింటికీ రాలేదు. ఆ తెల్లవారుజామున గ్రిడ్ మొత్తం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలోకి వెళ్లిందని తర్వాత బయటికొచ్చింది. మాకు ఆ రాత్రి తెలిసింది మాత్రం ఒకటే, ఇల్లు చల్లబడిపోతోంది. మంగళవారం పొద్దున డల్లాస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 19. 1949 తర్వాత ఇంత చలి లేదట. పిల్లలిద్దరినీ మధ్యలో పడుకోబెట్టుకుని ఇంట్లో ఉన్న రగ్గులన్నీ కప్పుకున్నాం. ఫోన్లు కార్లో చార్జింగ్ పెట్టుకునేవాళ్లం. కారు గరాజ్‌లో కాదు, పూర్తిగా బయటికి తీసి. కార్బన్ మోనాక్సైడ్‌తో ఇళ్లలో మనుషులు పోతున్నారని వార్తలు వస్తూనే ఉన్నాయి.

"షాపులో గ్యాస్ పొయ్యి ఉందిగా, వెళ్లి వండి నలుగురికీ పెట్టొచ్చుగా" అని ఒకరిద్దరు అన్నారు. నాకూ మనసు లాగింది. కానీ కరెంటు లేకపోతే పొయ్యి పైన పొగ లాగే హుడ్ ఫ్యాన్ తిరగదు. ఫ్యాన్ తిరగకుండా అన్ని బర్నర్లు వెలిగిస్తే ఆ గదిలో ఏం జరుగుతుందో మాస్టర్ నాకంటే బాగా చెప్పాడు. మానుకున్నాం. జనరేటర్ అద్దెకి దొరుకుతుందేమోనని మా ఆయన ఓక్లహోమా దాకా ఫోన్లు చేశారు. ఎక్కడా లేవు. సాయం కోసం ఉండే 211 నంబరుకి ఫోన్ చేస్తే ఎక్కడ తలదాచుకోవచ్చో చెప్పారు, అది ఇంటి అవసరానికి పనికొచ్చింది. షాపుకి ఆ మూడు రోజుల్లో ఎవరి నుంచీ ఏ సాయమూ అందే దారి లేదు, ఇది ముందే తెలుసుకుంటే మంచిది.

గురువారం, 18న, మాల్‌లో కరెంటు వచ్చిందని పక్క సెలూన్ ఆవిడ మెసేజ్ పెట్టింది. పన్నెండు నిమిషాల దారి నలభై నిమిషాలు పట్టింది. తాళం తీస్తుంటే లోపల నుంచి నూనెలో బజ్జీలు వేగుతున్న చప్పుడు. ఒక్క క్షణం నిజంగానే ఎవరో వంట చేస్తున్నారనుకున్నాను. లైటు వేస్తే, కౌంటర్ వెనక సీలింగ్ పలకలు మూడు కిందపడి ఉన్నాయి. నాలుగోది తడిసిన దిండులా వేలాడుతోంది, దాని అంచు నుంచి నీళ్లు స్టీలు బల్ల మీద పడుతున్నాయి. నేల మీద చీలమండ లోతు నీళ్లు. అందులో పార్సిల్ కవర్లు, రసీదు కాగితాలు, పూజ అర దగ్గర పెట్టిన బంతిపూల దండ తేలుతున్నాయి. బాత్రూమ్‌కి వెళ్లే పైపు సీలింగ్ పైన గడ్డకట్టి పగిలింది. గడ్డకట్టి ఉన్నంతసేపూ చుక్క కారలేదు. కరెంటు వచ్చి హీటర్ తిరిగి, ఐసు కరిగాక పోసింది.

నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో నాకు తెలియదు. నాలుగేళ్లుగా ఆ షాపు నడుపుతున్నాను, ఒక్కసారి కూడా అడగలేదు. ఓనర్ తరఫు మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. సిటీ నంబరు బిజీ. చివరికి తెలిసిందేమంటే మా రెండు షాపులకీ కలిపి ఒకటే వాల్వు, అది సెలూన్ వెనకగదిలో ఉంది, ఆ గదికి తాళం. ఆవిడ ఇంటి నుంచి వచ్చి తీసేసరికి యాభై నిమిషాలు. ఆ యాభై నిమిషాలు నేనూ మా ఆయనా మైదా బస్తాలు, బియ్యం బస్తాలు బల్లల మీదికి ఎత్తుతూనే ఉన్నాం. సగం అప్పటికే తడిసిపోయాయి. మీకు షాపు ఉంటే ఇవాళే వెళ్లి ఆ వాల్వు ఎక్కడుందో చూసుకోండి, తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. ఇండియాలో అప్పటికి శుక్రవారం పొద్దున, రథసప్తమి. "సూర్యుడికి దణ్ణం పెట్టుకో, అంతా సర్దుకుంటుంది" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

ఇక సరుకు సంగతి. బయట మైనస్‌లో చలి ఉంటే లోపల కూలర్‌లో సరుకు ఎలా పాడవుతుందని అందరూ అడుగుతారు. ఇన్సూరెన్స్ వాళ్లూ అదే అడిగారు. మాది కరెంటు లేనప్పుడు పాడవలేదు. కరెంటు వచ్చీపోతూ ఉన్నప్పుడు వాక్-ఇన్ కంప్రెసర్ బోర్డు కాలిపోయింది. షాపులో హీటర్ తిరుగుతోంది, కూలర్ తిరగడం లేదు. గురువారం సాయంత్రం థర్మామీటర్ పెడితే లోపల 52 డిగ్రీల ఫారెన్‌హీట్. 41 దాటి నాలుగు గంటలు గడిస్తే పారేయాల్సిందే, అది హెల్త్ రూలు. ఎన్ని గంటలుగా అలా ఉందో ఎవరు చెప్పగలరు?

మాస్టర్ శుక్రవారం పొద్దున వచ్చాడు. చెత్త సంచులు పట్టుకుని నేరుగా కూలర్‌లోకి వెళ్తుంటే నేనే ఆపాను. తెలివిగా ఆలోచించి కాదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నప్పుడు అవతలి అమ్మాయి "పారేసేముందు ప్రతిదీ ఫోటో తీయండి మేడమ్" అంది, ఆ మాట చెవిలో ఉంది. మా తూకం కాటా మీద ఒక్కొక్కటీ పెట్టి, ముల్లు కనిపించేలా ఫోటో తీసి, మాస్టర్ చెబుతుంటే నేను నోటు పుస్తకంలో రాశాను. ఇడ్లీ పిండి రెండు డబ్బాలు, 61 పౌన్లు. మూత తీస్తే పైన పల్చగా నీళ్లు తేరుకుని, కింద పిండి బిర్రుగా, పులుపు వాసన లేకుండా ఉంది. ఆ చలికి పులియనేలేదు. మాస్టర్ వేలితో కొంచెం తీసి నలిపి చూసి, "అక్కా, దీనికి ఇంకా ప్రాణం ఉంది, ఓ పూట వెచ్చగా ఉంచితే లేస్తుంది" అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సీలింగ్ నీళ్లు ఆ గదిలోకి కూడా వచ్చాయి. రెండు డబ్బాలూ సంచిలోకి ఒంపాం. మాంసం, పెరుగు, పనీర్, గోంగూర పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద, అన్నీ అలాగే. మధ్యాహ్నం మూడయింది. మొత్తం 6,840 డాలర్ల సరుకు.

ఆ నోటు పుస్తకం, ఆ ఫోటోలే తర్వాత ప్రతి చోటా నా చేయి పట్టుకుని నడిపించాయి. పక్క వీధిలో మాలాంటి షాపే ఒకటుంది. వాళ్లు గురువారం రాత్రే అంతా డంప్‌స్టర్‌లో వేసేసి శుభ్రం చేసుకున్నారు. వాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ మిగల్లేదు. వాళ్లకి సరుకు కింద వచ్చింది మాకు వచ్చినదాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

శనివారం, 20న, నీళ్లు తోడి ఆరబెట్టే కంపెనీ వచ్చింది. వాళ్లు 11 ఫ్యాన్లు, తేమ లాగే డీహ్యూమిడిఫయర్లు 3 పెట్టి వెళ్లారు. ఒక్కో ఫ్యానుకీ రోజుకింత అని బిల్లు పడుతుందని నాకు తెలియదు. నాలుగోరోజు గోడలు ఆరినట్టే ఉన్నాయి, అయినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను అడిగితే తేమ కొలిచే మీటరు తెచ్చి చూసి, ఏడు ఫ్యాన్లు అప్పుడే తీసుకెళ్లారు. అడగకపోతే ఎన్నాళ్లుండేవో. బిల్లు 8,960 డాలర్లు. రోజూ తేమ ఎంతుందో రాసిన కాగితం ఇవ్వమని అడిగి తీసుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు అది చూడందే బిల్లు ఒప్పుకోరు. అదే వారంలో ఒకతను తలుపు తట్టి, "డిడక్టబుల్ మీరేం కట్టక్కర్లేదు, మేమే సర్దుతాం, సంతకం పెట్టండి" అన్నాడు. డిడక్టబుల్ అంటే నష్టంలో మన చేతి నుంచి పెట్టుకోవాల్సిన భాగం, టెక్సస్‌లో అలా మాఫీ చేయడం చట్టవిరుద్ధం. మా ఆయనకి ఆ సంగతి తెలుసు కాబట్టి సరిపోయింది.

ప్లంబర్ కోసం తొమ్మిది రోజులు ఆగాం. వేరే రాష్ట్రాల ప్లంబర్లని కూడా రానిచ్చేలా గవర్నర్ రూల్స్ సడలించారు, అయినా లక్షల ఇళ్లలో పైపులు పగిలితే ఎంతమందని వస్తారు? ఈలోపు షాపు ఓనర్ ఆఫీసు నుంచి ఒక ఈమెయిల్. లీజు ప్రకారం షాపు లోపలి ప్లంబింగ్ బాధ్యత మీదే, రిపేరు మీరే చేయించుకోండి అని. ఆ రాత్రి 34 పేజీల లీజు మొదటిసారి పూర్తిగా చదివాను. "ఈ షాపుకి మాత్రమే పనికొచ్చే" ప్లంబింగ్ అని ఉంది అందులో. వాల్వు రెండు షాపులకీ ఒకటే కదా, పగిలిన చోటు నుంచి సెలూన్‌కి కూడా పైపు వెళ్తోంది. ఫోటోలు పెట్టి మర్యాదగా జవాబు రాశాను. పన్నెండు రోజులకి పైపు వరకు వాళ్లే చేయిస్తామని ఒప్పుకున్నారు. సీలింగ్, గోడలు, వైరింగు మేం పెట్టించుకున్నవి కాబట్టి మా నెత్తినే. అద్దె మాత్రం షాపు మూసి ఉన్నా కట్టాల్సి వచ్చింది.

ఇన్సూరెన్స్ అడ్జస్టర్, అంటే నష్టం చూసి లెక్కగట్టే ఆవిడ, మార్చి 3న వచ్చింది. వేరే రాష్ట్రం నుంచి ఈ తుఫాను కోసమే వచ్చిన మనిషి, రోజుకి ఆరేడు చోట్లకి తిరుగుతోంది. మర్యాదగా మాట్లాడింది. కానీ మొదటి ప్రశ్నే, "హీటర్ ఎంతలో పెట్టి వెళ్లారు? రుజువుందా?" అని. లోపల వెచ్చగా ఉంచడానికి మన వంతు ప్రయత్నం చేయకపోతే గడ్డకట్టి పగిలిన పైపు నష్టం ఇవ్వరు, అది మా పాలసీలో రాసి ఉంది. నేను 65లో పెట్టానని నోటిమాట తప్ప రుజువేం చూపించగలను? రెండు రాత్రులు నిద్ర లేదు. మూడోరోజు మా ఆయన స్మార్ట్ మీటర్ టెక్సస్ అనే వెబ్‌సైట్ గురించి కనుక్కున్నారు. కరెంటు బిల్లు మీద ఉండే ఈఎస్ఐ నంబరు, మీటర్ నంబరు ఇచ్చి రిజిస్టర్ చేసుకుంటే ప్రతి 15 నిమిషాలకీ మన మీటర్ ఎంత కాల్చిందో కనిపిస్తుంది. ఆదివారం రాత్రంతా షాపు మూసి ఉన్నా వాడకం గట్టిగా ఉంది, అది హీటరే. సోమవారం తెల్లవారుజాము నుంచి సున్నా. ఆ తర్వాత ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎప్పుడెప్పుడు పోయింది, అన్నీ వరసగా ఉన్నాయి. ఆ కాగితం పంపాక హీటర్ ప్రశ్న మళ్లీ రాలేదు. ఇది పైసా ఖర్చు లేని పని, దీని గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

పాలసీలో ఏముంది, ఏం లేదు అన్నది అప్పుడే అర్థమైంది. పాడైన సరుకుకి విడిగా ఒక ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జోడించిన అదనపు కవరేజీ, ఉంది, పది వేల దాకా. దాన్ని ఏజెంటు పెట్టించాడు, నేను గమనించను కూడా లేదు. సరుకుకి కొన్న ధరే లెక్కేస్తారు, అమ్మే ధర కాదు. ఇడ్లీ పిండికి బిల్లు ఎక్కడుంటుంది? మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ కొన్న బిల్లులు తీసి, ఏ పాళ్లలో కలుపుతామో రాసిచ్చాను, అడ్జస్టర్ ఒప్పుకుంది. 500 డిడక్టబుల్ పోను 6,340 డాలర్ల చెక్కు మార్చి 29న వచ్చింది. నీళ్ల నష్టం, అంటే ఆరబెట్టిన ఖర్చు, సీలింగ్, గోడలు, వైరింగు అన్నీ కలిపి 22,660 అయితే, డిడక్టబుల్ 2,500 తీసేశారు. పాతబడినందుకని ఇంకో 2,900 ఆపి 17,260 ఇచ్చారు. ఆ ఆపిన 2,900 పని పూర్తయ్యాక బిల్లులు పంపితే ఇస్తారు. మాకు జూన్‌లో వచ్చింది. చాలామంది మొదటి చెక్కుతోనే అయిపోయిందనుకుని ఆ డబ్బు వదిలేసుకుంటున్నారు.

కంప్రెసర్‌కి రాలేదు. 3,150 డాలర్లు. కరెంటు హెచ్చుతగ్గులకి మిషన్లు పాడైతే దానికి వేరే కవరేజీ ఉండాలట. షాపు మూసి ఉన్న రోజుల ఆదాయానికి కవరేజీ ఉంది కానీ, మొదటి 72 గంటలు లెక్కలోకి రావు. అది కూడా కరెంటు పోయిన సోమవారం నుంచి కాదు, నీళ్లు పడి నష్టం జరిగిన గురువారం నుంచి మొదలు. బయట కరెంటు పోయి షాపు మూతపడినదానికి విడిగా ఇంకో ఎండార్స్‌మెంట్ కావాలి, అది మాకు లేదు. ఆరు వారాల మూతకి చివరికి వచ్చింది 7,900. టెక్సస్‌లో క్లెయిమ్ అందినట్టు కంపెనీ 15 రోజుల్లో చెప్పాలి. కాగితాలన్నీ చేరాక 15 పనిదినాల్లో ఔననో కాదనో తేల్చాలి, ఇలాంటి విపత్తుల్లో అదనంగా ఇంకో 15 రోజులు ఇస్తారు. ఈ లెక్క తెలుసు కాబట్టి నేను ప్రతి కాగితం పంపిన తేదీ రాసి పెట్టుకున్నాను. ఒకసారి ఆలస్యమైతే ఆ తేదీలు పెట్టి ఈమెయిల్ రాశాను, నాలుగోరోజు ఫోన్ వచ్చింది.

మార్చి 27, శనివారం, సిటీ హెల్త్ ఇన్‌స్పెక్టర్ చూసి సరే అన్నాక షాపు తెరిచాం. మొదటి దోశ మాస్టర్ దేవుడి దగ్గర పెట్టాడు.

ఇప్పుడు ఫెమా సంగతి. ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ మేజర్ డిజాస్టర్ ప్రకటించాక మొదట 77 కౌంటీలు లిస్టులో వచ్చాయి, డల్లాస్, టారంట్, కాలిన్, డెంటన్ అన్నీ ఉన్నాయి. నేను ఆశగా ఫోన్ చేశాను. అవతలి ఆవిడ ఓపిగ్గా చెప్పింది: ఫెమా ఇచ్చేది ఇళ్లకి, మనుషులకి. వ్యాపారాలకి ఫెమా డబ్బివ్వదు, ఎస్‌బీఏకి పంపిస్తుంది. ఎస్‌బీఏ ఇచ్చేది లోన్, ఊరికే కాదు. ఈ రెండు వాక్యాలు తెలియక మనవాళ్లు ఎంతమంది నెలలు వృథా చేసుకున్నారో! టెక్సస్ ఎమర్జెన్సీ డివిజన్ వాళ్ల ఐస్టాట్ సర్వేలో కూడా నష్టం నమోదు చేశాను. అది లెక్కల కోసమే, క్లెయిమ్ కాదు, డబ్బు రాదు.

పనివాళ్ల విషయంలో మాత్రం టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ ద్వారా డిజాస్టర్ అనెంప్లాయ్‌మెంట్ అసిస్టెన్స్, అంటే విపత్తు వల్ల పని పోయినవాళ్లకి ఇచ్చే భృతి, ఉంది. మాస్టర్ కాక ఉన్న ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రూపంలో వచ్చింది. నేను మొదటి రెండు వారాలు సగం జీతం ఇచ్చాను, ఆ పైన నా వల్ల కాలేదు. ఇది రాయడానికి కూడా కష్టంగా ఉంది.

ఎస్‌బీఏ అప్లికేషన్ మార్చి 24న పెట్టాను. అంతకుముందు వారం నార్త్ టెక్సస్ స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్‌లో, డల్లాస్ కాలేజీ నడిపే సెంటర్ అది, ఒక కౌన్సెలర్‌తో జూమ్‌లో రెండుసార్లు కూర్చున్నాను. ఉచితం. ఆయన చెప్పిన మొదటి మాట, "ఇన్సూరెన్స్ తేలేదాకా ఆగొద్దమ్మా, గడువు దాటిపోతుంది. ముందు పెట్టేయండి, ఇన్సూరెన్స్ డబ్బు వస్తే దాన్ని తర్వాత లోన్‌లో సర్దుకుంటారు." ఆయన తెలుగువాడు కాదు, ఇంగ్లీషులోనే చెప్పాడు, కానీ నాకు మా పెదనాన్న చెప్పినట్టే వినిపించింది. వస్తువుల నష్టానికి గడువు మొదట ఏప్రిల్ 20 అన్నారు, తర్వాత మే 20కి పొడిగించారు.

ఫారం 5 అసలు అప్లికేషన్. 413 మన సొంత ఆస్తులు, అప్పులు. 2202 షాపు అప్పుల పట్టిక. 4506-టి మీద సంతకం పెడితే వాళ్లే ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) నుంచి ట్యాక్స్ రిటర్నులు తెప్పించుకునేవారు. 2021లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అర్హులే, మాది అదే. కోవిడ్ వల్ల షాపుకి ఎవరూ రాలేదు, నష్టం చూడటం అంతా ఫోన్లోనే, ఫోటోలతోనే. మళ్లీ ఆ నోటు పుస్తకమే.

ఏప్రిల్ 28న వచ్చిన ఉత్తరం చూసి కాళ్లు చల్లబడ్డాయి. అప్లికేషన్ పక్కన పెట్టారు. కారణం, ఐఆర్ఎస్ దగ్గర మా పేరు మీద రిటర్ను దొరకలేదని. నేను ఫారంలో షాపు బోర్డు మీది పేరు రాశాను. ట్యాక్సులు కట్టేది మా ఎల్ఎల్‌సీ, అంటే రిజిస్టర్ చేసిన కంపెనీ, పేరు మీద. అంతే తేడా. ఆ ఒక్క గడి తప్పుకి ఏడు వారాలు వెనక్కి వెళ్లాం. తోసిపుచ్చినా ఆరు నెలల్లోపు మళ్లీ పరిశీలించమని అడగొచ్చు, కాబట్టి అలాంటి ఉత్తరం వస్తే వదిలేయకండి. మే 14న సరిచేసి పంపాను. జూన్ 22న లోన్ ఆఫీసర్ ఫోన్ చేసింది, గంటసేపు మాట్లాడింది. మధ్యలో జూన్ 14న ఎర్కాట్ మళ్లీ కరెంటు తక్కువ వాడమని అడిగింది, ఈసారి ఎండలకి. ఆ నోటీసు ఫోన్‌లో చూసిన రోజు నేను రాత్రి పదకొండింటికి షాపుకి వెళ్లి కూలర్ థర్మామీటర్ చూసి వచ్చాను.

జూలై 12న ఆమోదం. కంప్రెసర్, రెండు డిడక్టబుల్స్ కలిపి వస్తువుల నష్టం కింద 6,150, షాపు నడపడానికి 18,350. వడ్డీ 3 శాతం. అప్పట్లో 25 వేలు దాటితే తాకట్టు అడిగేవారు. ఇంటి మీద కాగితం రాయడం మాకు ఇష్టం లేదు, అందుకే అంతకు లోపే తీసుకున్నాం. 2021లో ఇచ్చిన లోన్లకి మొదటి కంతు 18 నెలల తర్వాత, కానీ వడ్డీ మాత్రం ఆ లోపలా నడుస్తూనే ఉంటుంది. 19న సంతకాలు పెట్టి పంపితే ఆగస్టు 6న డబ్బు పడింది. అదే రోజు సప్లయర్ల బాకీలు తీర్చేశాను.

ట్యాక్సుల విషయంలో మా సీపీఏ (అకౌంటెంట్) చెప్పిన రెండు సంగతులు కలిసొచ్చాయి. టెక్సస్ మొత్తానికి ఫెడరల్ గడువు 2021 జూన్ 15కి జరిపారు, రాష్ట్రం వ్యాపారాల మీద వేసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ కూడా. ఇన్సూరెన్స్‌లో రాని నష్టాన్ని 2020 రిటర్ను మీదే చూపించుకునే వీలుండేది. మీ లెక్కలు చూసేవాళ్లని అడగండి.

వస్తువుల నష్టానికి గడువు అయిపోయింది కానీ, గిరాకీ పోయి చేతిలో డబ్బాడక ఇబ్బంది పడుతున్న షాపులకి ఎస్‌బీఏ ఎకనామిక్ ఇంజ్యురీ లోన్ అప్లికేషన్ గడువు 2021 నవంబర్ 19 దాకా ఉండేది. నా ఫైలంతా షాపులోనే ఉంది, నోటు పుస్తకంతో సహా. ఫారం 2202 దగ్గర ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆదివారం మధ్యాహ్నం మూడు తర్వాత రండి. అప్పుడు రద్దీ ఉండదు, కూర్చుని నింపుదాం.